గొర్రెల్ని ఎవరు గుర్తుపడతారండీ?

ప్రయాణాల మీద డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు నా మొదటి సలహా: ఎడిటర్‌ని వెంట తీసుకెళ్లకండి. రైలు చార్జీ మిగులుతుందని చెప్పడం లేదు. వెళ్లొచ్చినవాళ్లకు తీసిన ఫుటేజీలో లేనివి కూడా కనిపిస్తాయి. కొండెక్కేటప్పుడు పట్టిన ఆయాసం, దిగాక తాగిన మజ్జిగ, మధ్యలో జీపు మొరాయిస్తే పడ్డ తిప్పలు, అన్నీ ఆ షాటుకు అంటుకునే ఉంటాయి. ప్రేక్షకుడికి అవేవీ తెలియవు. తెర మీద ఎంత ఉందో అతనికి అంతే. అతనిలాగే ఏమీ తెలియకుండా వచ్చి కూర్చునే మనిషి ఆ సినిమాకు ఒక్కరైనా కావాలి. 'అపోకలిప్స్ నౌ' ఎడిట్ చేసినవారిలో ఒకరైన వాల్టర్ మర్చ్, 'ఇన్ ది బ్లింక్ ఆఫ్ యాన్ ఐ' అనే పుస్తకంలో, ఎడిటర్ షూటింగుకు దూరంగా ఉండటమే మంచిదని వాదిస్తాడు. నేను ఆ పుస్తకం చదవకముందే హైదరాబాద్ కృష్ణానగర్‌లో మా గురువుగారు ఇదే సంగతి ఇంకాస్త మోటుగా చెప్పారు. ఆ మాటలు పత్రికలో రాయలేను.

అలా ఏళ్ల తరబడి ఏసీ గదిలో కూర్చుని అమర్‌నాథ్ వెళ్లాను, మానససరోవరం వెళ్లాను, గల్ఫ్‌కు పోయే కూలీలతో శంషాబాద్‌లో విమానం ఎక్కాను. నా పాస్‌పోర్టులో మాత్రం ఒక్క ముద్ర లేదు.

ఆ మధ్య ఒక కుర్ర దర్శకుడు పాలమూరు గొర్రెల కాపరుల వలస మీద తీసిన ఫుటేజీ తెచ్చాడు. ఎండలు ముదిరేసరికి అక్కడ మేత అయిపోతుంది, కుంటలు ఎండిపోతాయి. ఇంటికి ఒకరిద్దరు చొప్పున బయల్దేరి, నాలుగైదు మందలు కలిపి, కృష్ణ ఆయకట్టులో కోతలైన వరి మళ్ల వైపు తోలుకుపోతారు. దారిలో రైతులు రాత్రికి తమ చేలో మంద కట్టించుకుంటారు. ఎరువు రైతుకు, ధాన్యమో డబ్బో కాపరికి. తొలకరి పడి సొంతూళ్లో పచ్చిక లేచాక తిరుగుముఖం పడతారు. నెలల తరబడి నడక. ఈ సినిమా కోసం దర్శకుడు, కెమెరామన్ ఇద్దరే వెళ్లారు. సౌండ్ రికార్డిస్టుకు డబ్బుల్లేవు. హార్డ్ డిస్కులు నా బల్ల మీద పెట్టి "బంగారం తెచ్చామక్కా" అన్నాడు. ప్రతి దర్శకుడూ అంటాడు. తెచ్చేది చాలావరకు మట్టే. కడిగి చూసుకోవడానికే మేమున్నాం.

అతను బంగారం అన్నది ఒక డ్రోన్ షాట్. తెల్లవారుజాము, పొగమంచు, గుట్ట మీంచి దిగుతున్న మంద. బాగుంది, పోస్టరుకు పనికొస్తుంది. దానికోసం చీకట్లో లేచి గుట్టెక్కి ఎంత అవస్థ పడ్డారో అరగంట చెప్పాడు. నేను అడిగింది ఒకటే: ఇది ఎవరు చూసిన మంద? కాపరి తన గొర్రెల్ని ఆకాశంలోంచి ఎప్పుడూ చూడడు. మంద వెనకాల, దుమ్ములో, వాటి వీపుల మీదుగా చూస్తాడు. పడ్డ కష్టాన్ని బట్టి షాటుకు చోటివ్వడం మొదలుపెడితే ప్రతి డాక్యుమెంటరీ కెమెరామన్ మోకాళ్ల నొప్పుల మీదే నడుస్తుంది. ఆ డ్రోన్ షాట్ ఇప్పుడు ట్రైలర్‌లో ఉంది, సినిమాలో లేదు. దర్శకుడు నాతో వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

నాకు దొరికింది వేరే క్లిప్పులో ఉంది. ఒక సాయంత్రం మంద ఆగాక కెమెరామన్ కెమెరాను నేల మీద పెట్టి, ఆపడం మరిచిపోయాడు. ఫ్రేములో సగం ఎండుగడ్డి. ఓ మూల కుక్క తోక. మధ్యలో విప్పేసిన బూట్లు, వాటి పక్కన రెండు పాదాలు. ఆ పాదాలు కెమెరామన్‌వే. మొహాలు లేవు, మాటలున్నాయి.

"తిన్నవా బిడ్డా?"

"తర్వాత తింటా పెద్దయ్యా."

"తర్వాతేంది? గట్క సల్లారుతది. ఏదీ, కాళ్లు సూడనియ్. బొబ్బలొచ్చినయా?"

ఒక ముసలి చెయ్యి ఫ్రేములోకి వచ్చింది. పాదాన్ని మడమ దగ్గర పట్టుకుని, పైకి తిప్పి, బొటనవేలితో అరికాలు నొక్కుతూ పోయింది. ఎక్కడ నొక్కితే కుర్రాడు ఉలిక్కిపడ్డాడో అక్కడ ఆగింది. అదే చెయ్యి, అదే పట్టు, మరో డిస్కులో కుంటుతున్న గొర్రె గిట్టను చూసేటప్పుడు కనిపిస్తుంది: మడమ దగ్గర పట్టుకోవడం, పైకి తిప్పడం, సందులో బొటనవేలు. రెండు క్లిప్పుల మధ్యా వారాల ఎడం ఉంది. నా టైమ్‌లైన్ మీద అవి ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. అంతకన్నా ఆ పెద్దాయన గురించి వాయిస్ ఓవర్‌లో చెప్పాల్సింది ఏమీ కనిపించలేదు.

ఆ క్లిప్పు ఉన్నట్టే దర్శకుడికి తెలియదు. చూపిస్తే సిగ్గుపడిపోయాడు. "ఫోకస్ లేదు, ఫ్రేమింగ్ లేదు, బయటికొస్తే మావాడి పరువు పోతుందక్కా" అన్నాడు. నిజానికి వాళ్లిద్దరూ ఆ మాటలు రోజూ విన్నారు. రోజూ విన్నవాళ్లకు అదొక పలకరింపు. గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నదాన్ని, నాకు అది సినిమా మొత్తంలో మొదటి ఆప్యాయత. వెళ్లనివాళ్లకు ఈ లాభం ఉంది.

ఇక అసలు గొడవకు వస్తాను. హైవే దాటించే సీను ఒకటుంది. నాలుగు లైన్ల రోడ్డు, ఆగని లారీలు, మధ్యలో డివైడర్ మీద చిక్కుకుపోయిన గొర్రెపిల్లలు, ఒక కాపరి రెండు చేతులూ చాచి ట్యాంకర్‌కు అడ్డంగా నిలబడటం. వెళ్లేటప్పుడు తీయలేకపోయారు, తిరుగు ప్రయాణంలో తీశారు. మొదటి పావుగంటలో ఉత్కంఠ లేదని, దాన్ని ముందుకు తెమ్మని నిర్మాత అడిగారు. టైమ్‌లైన్ మీద అది చిటికెలో అయ్యే పని. మౌస్‌తో పట్టి లాగడమే.

కానీ వెళ్లేటప్పుడు చూలుతో ఉన్న గొర్రెలు వచ్చేటప్పుడు పిల్లలతో ఉన్నాయి. నల్ల గొర్రెలకు ఉన్ని కత్తిరించేశారు. వీపుల మీద వేసిన రంగు గుర్తులు వెలిసిపోయాయి. ఈ సంగతి చెబితే ఆయన ఫోన్‌లో నవ్వారు. "మేడమ్, గొర్రెల్ని ఎవరు గుర్తుపడతారండీ?"

ఎవరు గుర్తుపడతారా! వందల గొర్రెల్లోంచి తన గొర్రెను మొహం చూసి లాగేసుకునే మనిషి మీద కదా మనం సినిమా తీసింది. అతను చూస్తాడు. అతని భార్య చూస్తుంది, ఊరు ఊరంతా చూస్తుంది. కత్తిరించిన గొర్రె మీద మళ్లీ ఉన్ని మొలిచి, పుట్టిన పిల్ల మళ్లీ కడుపులోకి పోతే వాళ్లు నవ్వుకుంటారు. ఆ తర్వాత తమ గురించి మనం చెప్పే ఏ మాటనూ నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. మర్చ్‌గారి సూత్రానికి నా సవరణ ఇక్కడే. ఏ షాటు ఉండాలి అన్నప్పుడు ఎడిటర్ ప్రేక్షకుడి పక్షాన కూర్చోవాలి. ఏది ముందు, ఏది వెనక అన్నప్పుడు మాత్రం నడిచినవాళ్ల పక్షాన నిలబడాలి. దర్శకుడు ఈ రెండు పక్షాల్లోనూ లేడు. అతనికి తన సినిమా ఉంది. అది తప్పేం కాదు, అందుకే ఇద్దరం అవసరం.

వెళ్లనివాళ్లు చేయగల చెరుపు కూడా చిన్నది కాదు. 1925లో వచ్చిన 'గ్రాస్' చూడండి. ఇరాన్‌లో బఖ్తియారీ తెగవాళ్లు మందలతో సహా మేత కోసం కొండలు దాటే ప్రయాణం అది. మెరియన్ కూపర్, ఎర్నెస్ట్ షోడ్‌సాక్, మార్గరీట్ హారిసన్ వాళ్లతో కలిసి వెళ్లారు. తర్వాత 'కింగ్ కాంగ్' తీసింది ఈ కూపర్, షోడ్‌సాక్‌లే. గాలి ఊదిన మేకతోళ్ల తెప్పల మీద కారూన్ నది దాటడం, చెప్పుల్లేని కాళ్లతో జర్దే కూహ్ మంచుకొండ ఎక్కడం వందేళ్లయినా కళ్లప్పగించి చూస్తాం. మధ్యమధ్యలో పడే టైటిల్ కార్డులే పంటికింద రాళ్లు. ఆశ్చర్యార్థకాలు, చతుర్లు, వెటకారాలు. అవి రాసిన టెర్రీ రామ్సే ఆ మంచులో నడిచినవాడు కాడు. చివర్లో తాము నిజంగానే వెళ్లామని సంతకాలతో ఒక ధ్రువపత్రం కూడా తెర మీద చూపిస్తారు. జోకులు తీసేసి ఉంటే ధ్రువపత్రం లేకుండానే నమ్మేవాళ్లం.

దక్షిణ ధ్రువానికి బయల్దేరిన కెప్టెన్ స్కాట్ బృందంతో వెళ్లిన హెర్బర్ట్ పాంటింగ్ ఇబ్బంది మరో రకం. అతను అంటార్కిటికా వెళ్లాడు, ధ్రువం దాకా వెళ్లలేదు. స్కాట్, అతని నలుగురు సహచరులు 1912లో తిరుగుదారిలో చనిపోయారు. 1924లో 'ది గ్రేట్ వైట్ సైలెన్స్' కూర్చేటప్పటికి అసలు ప్రయాణం పాంటింగ్ చేతిలో లేదు. ఉన్నదల్లా, బయల్దేరకముందే కెమెరా కోసం డేరాలో వంట చేసుకుని నిద్రసంచుల్లోకి దూరి చూపించిన దృశ్యం. ఫొటోలు, మ్యాపులు, స్కాట్ డైరీలోని మాటలతో పాటు దాన్నీ వాడుకున్నాడు. ధ్రువానికి వెళ్లింది ఐదుగురు. డేరాలో కనిపించేది నలుగురు. ఐదోవాడు ఓట్స్ అందులో లేడు. చూసేవాళ్లు లెక్కపెట్టుకోగలరు. అందుకే పాంటింగ్ మీద నాకు కోపం రాదు.

నాకు బాగా ఇష్టమైనది 'కాన్-టికీ'. థోర్ హేయర్‌డాల్, మరో ఐదుగురు 1947 ఏప్రిల్ 28న పెరూలోని కయావో నుంచి బాల్సా దుంగల తెప్ప మీద పసిఫిక్‌లోకి దిగారు. 101 రోజుల తర్వాత రరోయియా పగడపు దిబ్బకు కొట్టుకున్నారు. చేతిలో 16 ఎంఎం కెమెరా, పట్టుకున్నవాళ్లకు సినిమా తెలియదు. రీళ్లలో కొన్ని నీళ్ల పాలయ్యాయి. ఆ మిగిలిన ముక్కల్ని స్టాక్‌హోమ్‌లో కూర్చి సినిమా చేసినవాడు ఓలె నార్డెమార్, ఆ తెప్ప మీద కాలు పెట్టనివాడు. దానికి 1951 సంవత్సరపు ఉత్తమ డాక్యుమెంటరీ ఆస్కార్ వచ్చింది. తిమింగల సొరచేప తెప్ప కిందికి వచ్చినప్పుడు బొమ్మ అస్పష్టంగా ఊగుతుంది. తెప్ప దిబ్బకు కొట్టుకున్న క్షణం అసలు లేనే లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కెమెరా ఎవరు పట్టుకుంటారు? ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్ ఈ సినిమా గురించి రాస్తూ, ఆ లోపాలే ఆ సాహసానికి సాక్ష్యమన్నాడు. అదే రోజుల్లో స్టూడియోలో మంచు సృష్టించి తీసిన 'స్కాట్ ఆఫ్ ది అంటార్కిటిక్' ఆయనకు అస్సలు రుచించలేదు. నాకూ అంతే.

మా సినిమాలోనూ ఒక ఖాళీ ఉంది. కెమెరామన్‌కు జ్వరం వచ్చి, దర్శకుడు అతన్ని దగ్గర్లోని టౌన్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మంద ఆగలేదు, ఆగదు కూడా. వీళ్లు వెళ్లి మళ్లీ కలుసుకునేసరికి కాపరులు ఒక పెద్ద కాలువ దాటేశారు, పిల్ల ఒకటి నీళ్లలో పోయింది. ఆ రోజుల ఫుటేజీ లేదు. నిర్మాత వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు: ఏఐతో చేయించిన మంద, సాయంకాలపు కాలువ దాటుతోంది. "ప్రాంప్ట్ కొడితే నిమిషంలో వచ్చింది మేడమ్." చూశాను. కాపరి గొంగడికి ఒక్క చిరుగు లేదు. గొర్రెల కాళ్లకు బురద అంటలేదు. అంత మంద నడిచిన గట్టు మీద ఒక్క పెంటిక లేదు. ఇవి చెప్పి తప్పించుకోవడం తేలికే, కానీ నా వాదన అది కాదు. వచ్చే ఏడాదికి ఆ గొర్రెలు పెంటికలు కూడా వేస్తాయి, గొంగడికి చిరుగులు కూడా పడతాయి. అయినా ఆ కాలువ ఎవరూ దాటలేదు. నీళ్లలో పోయిన పిల్ల ఆ మందలో లేదు.

అక్కడ నల్ల తెర వేశాం. దాని మీద రెండు వాక్యాలు: "కెమెరామన్‌కు జ్వరం. మంద ఆగలేదు." వెనక పెద్దయ్య గొంతు, కాలువ దగ్గర ఏం జరిగిందో తన మాటల్లో, తన యాసలో. నిర్మాత ఒప్పుకున్నారని చెప్పను, అలసిపోయారు. ఊళ్లో వేసిన ప్రదర్శనలో జనం అన్నిటికన్నా కదలకుండా కూర్చున్నది ఆ నల్ల తెర ముందే.

ఇది ఒక్క మా సినిమా సమస్య అయితే పత్రికలో రాసేదాన్ని కాదు. ప్రపంచమంతా తిరిగి తిండి గురించి, మనుషుల గురించి చెప్పిన ఆంథొనీ బోర్డెయిన్ 2018లో చనిపోయాడు. అతని మీద 2021లో వచ్చిన 'రోడ్‌రన్నర్'లో అతను రాసినవే అయినా ఎన్నడూ పైకి చదవని కొన్ని వాక్యాలను ఏఐ గొంతుతో అతని చేత పలికించారు. సినిమాలో ఎక్కడా ఆ సంగతి చెప్పలేదు, దర్శకుడు మోర్గన్ నెవిల్ ఇంటర్వ్యూలో చెబితే బయటపడింది. బీబీసీ 2011లో చూపిన 'ఫ్రోజెన్ ప్లానెట్'లో మంచు గుహలో పుట్టినట్టు కనిపించిన ధ్రువపు ఎలుగుబంటి పిల్లలు నెదర్లాండ్స్‌లోని జంతుశాలలో పుట్టాయి. వెబ్‌సైట్‌లో చెప్పాం కదా అన్నారు వాళ్లు. టీవీ ముందు కూర్చున్నవాడు మధ్యలో లేచి వెబ్‌సైట్ చూసొస్తాడా?

ఇవన్నీ చూశాక మన పుస్తకం ఒకటి గుర్తుకొస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, హైదరాబాద్, నాగపూర్ మీదుగా వెళ్లి, పూరీ మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారి పొడుగునా తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి ఉత్తరాలు రాసి పంపాడు. వీరాస్వామయ్య పోయాక, 1838లో వాటిని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించినవాడు ఆ ప్రయాణం చేయని పిళ్లై. అంటే మా వృత్తికి తెలుగులో మూలపురుషుడు ఆయనే అనుకోవచ్చు. ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దారి బాగుంది, ఎక్కడ బాగా లేదు, ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం అన్న విసుగు పుట్టించే వివరమంతా ఆ పుస్తకంలో ఉంది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి దక్కన్ దారులు ఎలా ఉండేవో ఈవేళ మనకు తెలిసేది ఆ విసుగు వల్లే. ఇప్పటి ఛానల్ వాళ్లకు ఆ రాతప్రతి ఇస్తే మొదటి మాట "ల్యాగ్ ఉంది" అంటారు.

ల్యాగ్! మా గదుల్లో రోజుకు పదిసార్లు వినిపించే తిట్టు. నెలల నడకను గంటలో చూపిస్తున్నాం. అందులో రెండు నిమిషాలు ఊరికే నడవనిస్తే ప్రాణం పోతుందా? నిజమే, చాలామంది రీల్ జరిపేస్తారు. జరపనివ్వండి. అందరినీ ఆపాలని మాంటేజ్‌లు, తబలా బీట్లు కుక్కితే ఆ గంటలో నడక తప్ప అన్నీ ఉంటాయి.

'ఆర్కైవల్ ప్రొడ్యూసర్స్ అలయెన్స్' అనే సంస్థ డాక్యుమెంటరీల్లో ఏఐ వాడకం మీద 2024లో మార్గదర్శకాలు రాసుకుంది. ఏది అసలు, ఏది చేయించింది అన్నది ప్రేక్షకుడికి చెప్పి తీరాలని దాని సారాంశం. హైదరాబాద్‌లో డాక్యుమెంటరీలు తీసేవాళ్లం, ఎడిట్ చేసేవాళ్లం ఒక మధ్యాహ్నం కూర్చుంటే తెలుగులో అలాంటిది రాసుకోగలం. పెద్ద చట్టమేం అక్కర్లేదు. వేరే రోజు తీసిన షాటైతే వేరే రోజుదని, వేరే చోటుదైతే ఆ చోటు పేరు వేయాలి. తీయలేనిది తీయలేదని ఒప్పుకోవాలి. ఏఐ బొమ్మను ప్రయాణంలో భాగంగా చూపకూడదు. మరీ తప్పకపోతే ఆ షాటు నడుస్తున్నంతసేపూ దాని మీదే అక్షరాలు ఉండాలి. చివర్లో పరుగెత్తే పేర్ల మధ్య కాదు.

ఛానళ్లకు, ఓటీటీలకు ఇదే సంగతి ఎలాగూ ఉత్తరం రాస్తాను. చూసేవాళ్లూ ఒక పని చేయండి. ఈసారి ఏదైనా ప్రయాణం సినిమాలో ఒక్క చెడ్డ షాటు, ఒక్క ఖాళీ లేకుండా అన్నీ అందంగా ఉంటే, తీసినవాళ్లకు రాసి అడగండి: ఇందులో మీరు వెళ్లి తీసింది ఎంత?